అయిదో కారణం

ఓడ మునిగిందన్న వార్త వచ్చినప్పుడల్లా మా రేవులో ముందుగా వినపడే మాట ఒకటుంది: "రాసిపెట్టి ఉందండీ, ఎవరేం చేస్తారు?" విశాఖ రేవులో ఖనిజాల సర్వేయరుగా తల నెరిసినవాణ్ణి. ఆ మాటతో నాకు పెద్ద పేచీ లేదు. చాలాసార్లు నిజంగానే రాసిపెట్టి ఉంటుంది. కాకపోతే నుదుటి మీద కాదు, సరుకు యజమాని ఇచ్చిన తేమ సర్టిఫికెట్టులో. చదవాలనుకున్నవాడు ఓడ తాళ్లు విప్పకముందే చదువుకోవచ్చు.

ఇనుప ఖనిజం అనగానే రాళ్లు గుర్తొస్తాయి. బైలదిల్లా నుంచి కొత్తవలస–కిరండూల్ లైను మీద దిగే సరుకులో రాళ్లూ ఉంటాయి, పొడీ ఉంటుంది. రాళ్లని లంప్స్ అంటాం, పొడిని ఫైన్స్ అంటాం. రాళ్లతో భయం లేదు. భయమంతా పొడితోనే. గుప్పిట్లోకి తీసుకుంటే పొడిగానే ఉంటుంది, నొక్కితే ముద్ద కడుతుంది, ఎక్కడా నీటిచుక్క కనపడదు. రేణువుల మధ్య సందుల్లో మాత్రం నీళ్లు దాక్కుని ఉంటాయి. ఓడ కదిలాక ఇంజను అదురుకీ అలల ఊపుకీ సరుకు కుదించుకుపోతుంది, సందులు చిన్నవవుతాయి, నీళ్లకి చోటు చాలదు. ఆ ఒత్తిడికి రేణువు రేణువుని పట్టుకున్న పట్టు వదిలిపోతుంది. ఆర్కే బీచిలో అల వెనక్కి పోయాక తడి ఇసకలో నిలబడి పాదాలు ఆడించి చూడండి. అప్పటిదాకా గట్టిగా ఉన్న నేల మెత్తబడి మడమలు దిగబడతాయి. ఓడ గర్భంలో జరిగేదీ అదే. వేల టన్నుల సరుకు ఒక పక్కకి జారుతుంది. ఓడ అటు ఒరిగినప్పుడు జారినది ఇటు ఒరిగినప్పుడు పూర్తిగా వెనక్కి రాదు. ప్రతి ఊపుకీ ఇంకాస్త ఒరుగుతుంది. ఆ తర్వాత కెప్టెన్ చేతిలో ఉండేది నిమిషాలే.

2009 వానాకాలంలో రెండు నెలల తేడాలో మన తీరాల్లోనే రెండు ఓడలు ఇలా పోయాయి. జులైలో మంగళూరు దగ్గర ఏషియన్ ఫారెస్ట్, సెప్టెంబరులో పారాదీప్ దగ్గర బ్లాక్ రోజ్. రెండింటిలోనూ ఇనుప ఖనిజం పొడే. మొదటిదాంట్లో అందరూ బయటపడ్డారు. రెండోదాంట్లో ఒక ఇంజనీరు బయటపడలేదు. ఆరుబయట గుట్టలు పోసిన సరుకు, వాటిమీద వాన, పైనుంచి తొందర. ఇందులో విధి పాత్ర ఎంతో మీరే చెప్పండి.

రామాయణంలో నాకు బాగా నచ్చే ఘట్టం యుద్ధకాండలో ఉంది. రాముడు ఒడ్డున దర్భలు పరుచుకుని మూడు రాత్రులు వేడుకున్నా సముద్రుడు పలకడు. బాణం ఎక్కుపెట్టాక వస్తాడు. వచ్చి క్షమించమని కాళ్లమీద పడి ఊరుకోడు, ఒక వాదం చెబుతాడు. నేలా నీరూ గాలీ ఆకాశమూ వెలుగూ ఎవరి స్వభావంలో వాళ్లుంటారు, లోతుగా ఉండడం నా స్వభావం, నీకోసం మార్చుకోలేను అంటాడు. అక్కడితో ఆపడు. నీ సైన్యంలో నలుడున్నాడు, వారధి కట్టించుకో, మోస్తాను అంటాడు. సాక్షాత్తూ అవతార పురుషుడికే స్వభావం లొంగలేదు, దారి మాత్రం చెప్పింది. అంతకన్నా గట్టి ప్రకృతి శాస్త్రం ఏ పుస్తకంలో ఉందో నాకు తెలీదు. తడి ఖనిజం కూడా అదే మాట చెబుతుంది. ఇంత తేమ దాటితే కరుగుతాను, అది నా స్వభావం. ఎంత దాటితే అన్నది కావాలంటే కనుక్కో, చెబుతాను.

కనుక్కునే పద్ధతి అంతర్జాతీయ సముద్రయాన సంస్థ నియమావళిలో ఉంది. పేరు ఐఎంఎస్‌బీసీ కోడ్. 2011 జనవరి 1 నుంచి తప్పనిసరి అయింది. అంతకుముందూ ఒక కోడ్ ఉండేది కానీ పాటిస్తే పాటించినట్టు, లేకపోతే లేదు. కొత్త కోడ్ పొడి సరుకుల్ని మూడు గుంపులు చేసింది. కరిగే గుణమున్నవి 'ఏ', నిప్పో విషవాయువో పుట్టించే రసాయన గుణమున్నవి 'బీ', ఈ రెండూ లేనివి 'సీ'. 'ఏ' గుంపు సరుకుకి ముందు ఎంత తేమ దగ్గర ప్రవహించడం మొదలెడుతుందో ప్రయోగశాలలో బల్లమీద పెట్టి కుదిపి చూస్తారు. అది పది శాతమనుకోండి, అందులో పదో వంతు తీసేసి తొమ్మిది శాతం దగ్గర గీత గీస్తారు. ఆ గీత దాటిన సరుకు మామూలు ఓడలో ఎక్కకూడదు. గీత తేల్చిన పరీక్షకి ఆరు నెలలు దాటకూడదు, తేమ కొలిచిన పరీక్షకీ సరుకు ఎక్కించడానికీ మధ్య ఏడు రోజులు దాటకూడదు. ఈలోపు వాన పడితే మళ్లీ చూడాలి.

ఇవి కాక బెర్తు మీద చేసే డబ్బా పరీక్ష ఉంది. నా ఉద్యోగంలో నాకు ఇష్టమైన పని అదే. చిన్న డబ్బాలో సగం దాకా ఖనిజం నింపి, జానెడు ఎత్తునుంచి గట్టి నేలమీద ఠపీమని కొట్టాలి. సెకనుకో రెండు సెకన్లకో ఒకటి చొప్పున ఇరవై అయిదు దెబ్బలు. మొదటి పది దెబ్బలకి ఏమీ తెలీదు, పొడి సర్దుకుంటూ ఉంటుంది. పదిహేను దాటాక రంగు కొంచెం ముదురుతుంది. తడి సరుకైతే చివరి దెబ్బలకి పైపొర నిగనిగలాడుతుంది, వేలు పెడితే గుంట పడి మళ్లీ పూడుకుంటుంది. అది చూశాక ఇక ఎవరి మాటా వినక్కర్లేదు, సరుకు మళ్లీ ప్రయోగశాలకి వెళ్లాల్సిందే. డబ్బా పొడిగా కనపడితే మాత్రం సరుకు మంచిదని రుజువైనట్టు కాదు. ఇది చాలామంది మర్చిపోయే సగం.

ఓ జులైలో ఒక ఫిలిప్పీన్ చీఫ్ మేట్ నా పక్కన నిలబడి దెబ్బలు లెక్కపెట్టాడు. గట్టిగా, వాళ్ల భాషలో. సరుకు యజమాని తరఫు మనిషి గొడుగు కింద ఉన్నాడు. "గురువుగారూ, అడుగునెందుకు తవ్వుతారు, పైన ఆరిపోయింది కదా, పైనుంచే తియ్యండి" అన్నాడు. "పైన ఉన్నదే ఎక్కించి అడుగుది ఇక్కడే వదిలేస్తానంటే పైనుంచే తీస్తాను" అన్నాను. నవ్వాడు. నిజానికి చెడ్డవాడు కాదు. ఓడ ఆగిన ప్రతిరోజుకీ డెమరేజి పడుతుంది, అది అతని యజమానికి తగిలితే ఇతని ఉద్యోగానికి తగులుతుంది. గుట్ట పైభాగం ఏడు శాతం, అడుగు పదకొండు, సగటు తీస్తే తొమ్మిది. కాగితం మీద సర్దుకుపోయే లెక్క. ఓడలో ఆ పదకొండు శాతం సరుకంతా ఒకే గదిలో పడిందనుకోండి, పక్క గదిలోని ఏడు శాతం వచ్చి దాన్ని ఆదుకోదు. అందుకే కోడ్, సరుకంతా ఒకేలా ఉందని పరీక్షల్లో తేలితే తప్ప, గదికో సర్టిఫికెట్టు అడుగుతుంది. సగటు అబద్ధం కాదు. సగటు వెనక దాక్కోవడం మాత్రం అబద్ధంకన్నా హీనమని నా అభిప్రాయం. అబద్ధమాడేవాడికి తను ఆడుతున్నానని తెలుసు, సగటు చూపించేవాడికి రాత్రి నిద్ర కూడా పడుతుంది.

ఆ బెర్తు నుంచి చూస్తే రేవు ముఖద్వారం పక్కన మూడు కొండలు కనపడతాయి. ఒకదాని మీద మేరీమాత గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి. వచ్చే ఓడా పోయే ఓడా వాటి కిందనుంచే వెళ్లాలి. మేట్ మేరీమాత కొండవైపు తిరిగి శిలువ గుర్తు వేసుకుని, నావైపు తిరిగి సరుకు వద్దన్నాడు. ఈ రెండు పనులూ అతను ఒకే మొహంతో చేశాడు. దేవుణ్ణి నమ్మేవాడు పరీక్ష అడగకూడదని, పరీక్ష అడిగేవాడు నమ్మకం లేనివాడని మనలో చాలామందికి ఒక అపోహ ఉంది. అతనికి లేదు. నాకూ లేదు. నేనూ వెంకన్న కొండ ఎక్కుతాను. హాచ్ మూతల దగ్గర కొబ్బరికాయ కొడితే వద్దనను. పదకొండు శాతం తేమని తొమ్మిది చెయ్యమని మాత్రం ఆయన్ని అడగను. సముద్రుడు రాముడికే చెయ్యని పని అది.

అయినా నియమాలకీ వ్రతాలకీ పోలిక లేకపోలేదు. ఇరవై అయిదు దెబ్బలు, ఏడు రోజుల గడువు, గదికో కాగితం. తెలీనివాడికి ఇదంతా మంత్రతంత్రంలా కనపడుతుంది. మీమాంసకులు యాగం విధిగా చేస్తే ఫలం దానంతటదే వస్తుందన్నారు, ఇచ్చే దేవుడి అవసరం కూడా పెద్దగా లేదన్నారు. మా వృత్తిలో ఆ సూత్రం పనిచెయ్యదు. గడులన్నీ నింపి, సంతకాలన్నీ పెట్టి, శ్రద్ధలేకుండా చేసిన పరీక్షకి ఫలం సున్నా. పైగా చేశామన్న ధీమా ఒకటి అదనం.

ఇక్కడ మా మేనమామ గురించి చెప్పాలి. ఆయన వన్‌టౌన్‌లో సాయంత్రాలు భగవద్గీత చెబుతాడు. పద్దెనిమిదో అధ్యాయంలో ఏ పని జరగడానికైనా అయిదు కారణాలుంటాయన్న చోటికి వచ్చినప్పుడల్లా నన్ను పట్టుకుంటాడు. పని జరిగే ఆధారం, చేసేవాడు, సాధనాలు, రకరకాల ప్రయత్నాలు, అయిదోది దైవం. "ఒరేయ్, నువ్వు నాలుగు లెక్కపెట్టి వదిలేస్తావు" అంటాడు. "లేదు మావయ్యా, మీవాళ్లు అయిదోదానితో మొదలెట్టి మిగతావి వదిలేస్తారు" అంటాను నేను.

ఒకసారి ఆయనకి బల్క్ జూపిటర్ సంగతి చెప్పాను. 2014 డిసెంబరు చివర్లో మలేషియాలోని క్వాంటాన్ రేవులో 46,400 టన్నుల బాక్సైట్ ఎక్కించుకుని బయల్దేరింది. జనవరి 2న వియత్నాం తీరానికి దూరంగా మునిగిపోయింది. పందొమ్మిదిమంది ఫిలిప్పీన్ నావికుల్లో వంటమనిషి ఒక్కడే దక్కాడు. ఆ రోజుల్లో బాక్సైట్ కోడ్‌లో 'సీ' గుంపులో ఉండేది, అంటే భయం లేని సరుకు. కానీ ఆ గుంపులోకి రావాలంటే ఎక్కువభాగం గడ్డలుగా ఉండాలి, తేమ పది శాతం మించకూడదు. ఆ డిసెంబరులో క్వాంటాన్‌లో కుండపోతగా వానలు. ఓడలోకి వెళ్లిన సరుకు తేమ సగటున 21 శాతం పైనే ఉందని తర్వాత విచారణలో తేలింది. పేరు బాక్సైటే, గుణం వేరు. పేరు చూసి గుంపు కట్టారు, గుణం చూడలేదు.

మావయ్యతో కలిసి దీన్ని గీత లెక్కలో పెట్టి చూశాం. ఆధారం ఆ ఓడ గదులు. సాధనాలు గ్రాబులు, కన్వేయరు, కొలవని తేమమీటర్లు. ప్రయత్నాలు సరుకు తవ్వినవాడివి, గుట్ట పోసినవాడివి, ఎక్కించినవాడివి. దైవం ఆ వాన. కర్త దగ్గరికి వచ్చేసరికి ఇద్దరం ఆగిపోయాం. ఎవరు కర్త? పదిమంది తలా కాస్త చేశారు. ఎవరూ పద్దెనిమిదిమందిని చంపాలనుకోలేదు.

బౌద్ధులైతే ఇక్కడ తేలిగ్గా తీర్పు చెప్పేస్తారు. కర్మకి మూలం సంకల్పం, చంపాలన్న తలంపు లేనివాడికి చంపిన కర్మ అంటదు. ఉపాలి అనే గృహస్థు కథలో బుద్ధుడు నిర్గ్రంథులతో, అంటే ఆనాటి జైనులతో, వాదించింది ఇదే. మా ఊరికి ఉత్తరాన తొట్లకొండ మీద బౌద్ధ శిథిలాల దగ్గర నిలబడి సముద్రాన్ని చూస్తూ ఈ సిద్ధాంతం తలుచుకుంటే మనసుకి హాయిగానే ఉంటుంది. కానీ నాకు అది చాలదు. పైనుంచే తియ్యమన్న మనిషి గొడుగు కింద నవ్వడం గుర్తొస్తుంది, అతని సంకల్పం శుద్ధంగానే ఉంది. ఈ ఒక్క విషయంలో నేను జైనుల పక్షం. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రంలో హింసని నిర్వచించేటప్పుడు ద్వేషం మాట ఎత్తలేదు. అజాగ్రత్తతో చేసిన పనివల్ల ప్రాణం పోతే అదే హింస అన్నాడు. దారిలో పురుగుందేమో చూసి అడుగెయ్యమన్న మతం అది. చూడాల్సింది చూడకపోవడమే అక్కడ తప్పు. రామతీర్థం కొండల్లో బౌద్ధుల శిథిలాలూ జైనుల శిథిలాలూ దగ్గరదగ్గరగానే ఉంటాయి. రెండు వాదాలూ మన గాలిలో నలిగినవే.

బౌద్ధులకి అన్యాయం చెయ్యకూడదు కాబట్టి ఇంకో మాట. తెలుసుకోగలిగి కూడా తెలుసుకోకూడదనుకోవడం సంకల్పమే కదా అని వాళ్లు అడగొచ్చు. అడిగితే నా దగ్గర జవాబు లేదు, ఇద్దరూ ఒకచోటికే వస్తారు.

ఆ ప్రమాదం తర్వాత బాక్సైట్ కథ మారింది. అదే ఏడాది హెచ్చరిక సర్క్యులర్ వచ్చింది, పరిశోధకులు కూర్చుని చూస్తే సరుకు మొత్తం కరగడంకన్నా విచిత్రమైన సంగతి బయటపడింది. ఓడ ఊపుకి నీరూ మెత్తటి మట్టీ సరుకులోంచి వేరై పైకి చేరి పొరలా ఊగుతాయి. 2021 నుంచి మెత్తటి బాక్సైట్ 'ఏ' గుంపులో చేరింది. పద్దెనిమిదిమంది చనిపోతేగాని ఒక పంక్తి మారలేదు. కోడ్‌లో చాలా పంక్తుల వెనక ఇలాంటి ఓడ ఒకటి ఉంటుంది.

దైవాన్ని ముందు పెట్టే అలవాటు మనొక్కళ్లదే అనుకుంటే పొరపాటు. బ్రిటన్ ఓడ డెర్బీషైర్ 1980 సెప్టెంబరులో ఒకినావా దగ్గర ఆర్కిడ్ తుపానులో మాయమైంది. లక్షన్నర టన్నుల పైన ఇనుప ఖనిజం, నలభైనాలుగు మంది మనుషులు. వాళ్లలో ఇద్దరు నావికుల భార్యలు. 1989లో వెలువడిన మొదటి విచారణ నివేదిక ప్రకృతి శక్తులు బహుశా ఓడని ముంచెత్తి ఉంటాయంది. ఇంగ్లిషు కోటు తొడుక్కున్న విధి అన్నమాట. కుటుంబాలు ఒప్పుకోలేదు. అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య డబ్బు పెట్టి వెతికించింది. 1994లో సముద్రం అడుగున నాలుగు కిలోమీటర్ల లోతులో శిథిలాలు దొరికాయి. ఫొటోలు తీశాక రెండో కథ పుట్టింది: ముందువైపు స్టోరు మూత నావికులే సరిగ్గా బిగించలేదని. విధి తర్వాత నేరం చచ్చినవాళ్ల మీదికి వచ్చింది. 2000లో తిరగదోడిన విచారణలో జస్టిస్ కోల్‌మన్ దాన్ని కొట్టేశారు. ముందు డెక్కు మీద గాలిగొట్టాలు విరిగి నీళ్లు దిగాయి, ముక్కు కుంగింది, అలల బరువుకి మొదటి హాచ్ మూత చితికింది. ఆ మూత అంత బరువు మోసేలా కట్టింది కాదు. ఇరవై ఏళ్లు పట్టింది, అయిదో కారణం వెనకనుంచి రెండోదీ మూడోదీ బయటికి రావడానికి.

ఇది విని మావయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "శంకరులు ఆ దైవాన్ని కంటికి సూర్యుడిలా ఇంద్రియాలకి అధిదేవతలన్నారు. మా రామానుజులు పరమాత్మే అన్నారు. పరమాత్మయితే నాలుగు పక్కన పెట్టి చివర్న లెక్కపెట్టేవాడు కాదురా, ఆ నాలుగింటిలోనూ ఉంటాడు. నీ డబ్బాలో కూడా." నేను ఒప్పుకున్నాను. అయితే ఆ డబ్బాలో నిగనిగలాడింది చూసి కూడా సంతకం పెట్టినవాడు ఎవర్ని తోసేసినట్టని అడిగాను. "అది నీ జైనుల్ని అడుగు" అని లేచిపోయాడు.

ఇంతదాకా మనుషుల సంగతి. సముద్రం సంగతి ఇంకా చిక్కు. ఖనిజం దింపాక గదుల్లో మూలల్లో మిగిలింది కడిగి పారబొయ్యాలి. కడిగిన నీళ్లు ఎర్రగా, ఓడ వెనక చాలాదూరం చారలా వస్తాయి. పాతతరం నావికుడెవణ్ణి అడిగినా, సముద్రం అన్నీ తనలో కలుపుకుంటుంది, దానికేం అంటాడు. మనమూ అంతే, వినాయకుణ్ణీ అస్థికల్నీ పూజ నిర్మాల్యాన్నీ దానికే అప్పగిస్తాం. అన్నిటినీ శుద్ధి చేసేది మురికి కాలేదన్న నమ్మకం మనలో చాలా లోతుగా ఉంది. జాలరిపేటలో గంగమ్మకి మొక్కే వాళ్లనడిగితే మాత్రం వేరే మాట వినపడుతుంది. తల్లికి కోపం వస్తుందంటారు. కోపం రాగలిగిందానికి దెబ్బ కూడా తగులుతుంది కదా.

సముద్ర కాలుష్యంపై మార్పోల్ ఒప్పందంలోని అయిదో అనుబంధం 2013 దాకా పాత నావికుడిలాగే ఆలోచించేది: వద్దన్నవి తప్ప మిగతావన్నీ వెయ్యొచ్చు. 2013 జనవరి 1 నుంచి తిరగేశారు. వెయ్యొచ్చని రాసినవి తప్ప మిగతావేవీ వెయ్యకూడదు. చూడ్డానికి చిన్న సవరణ. నా దృష్టిలో నా ఉద్యోగకాలంలో వచ్చిన అతి పెద్ద తాత్విక మార్పు ఇదే. అంతకుముందు హాని జరుగుతుందని సముద్రం తరఫున ఎవరో రుజువు చెయ్యాలి. ఇప్పుడు హాని లేదని పారబోసేవాడు చెప్పాలి. సముద్ర పర్యావరణానికి హాని చేసే సరుకైతే ఆ కడుగునీళ్లు రేవులోనే అప్పగించాలి. కాదంటే, ప్రత్యేక ప్రాంతాల బయట, ఒడ్డుకి పన్నెండు నాటికల్ మైళ్లు దాటాక, ఓడ నడుస్తుండగా వదలొచ్చు. హాని చేసేదా కాదా అని ప్రకటించాల్సింది సరుకు యజమాని. అంటే మళ్లీ ఒక కాగితం, మళ్లీ ఒక గడి, మళ్లీ ఒక సంతకం.

ఇక్కడ మునిగేవాడు లేడు, విచారణ లేదు, ఇరవై ఏళ్లు పోరాడే కుటుంబం లేదు. తడి ఖనిజమైనా తన స్వభావం వారంలో చెప్పేస్తుంది. సముద్రం ఎప్పుడు చెబుతుందో, ఎవరికి చెబుతుందో.

నేను రిటైరైనా కొత్తగా చేరిన కెమిస్టులకి అప్పుడప్పుడు డబ్బా పరీక్ష నేర్పడానికి పిలుస్తారు. ఈ మధ్య ఒకమ్మాయి దెబ్బలు లెక్కపెట్టడం అయ్యాక అడిగింది: "సార్, ఓడ మునగకుండా ఈ పరీక్ష ఉంది. మనం కడిగి పారబోసేది సముద్రానికి సరిపడుతుందా లేదా అని చూసే పరీక్ష ఏది?" ఉంది, చెప్పాను. నీటిలో బతికేవాటికి విషమా, వెంటనే కాకపోయినా కొన్నాళ్లకి విషమా, ఒంట్లో పేరుకుంటుందా, క్యాన్సర్ తెచ్చే గుణముందా, అందులో ప్లాస్టిక్ ఉందా. ఇవన్నీ ప్రయోగశాల తేల్చగలదు. "పన్నెండు మైళ్ల అవతల ఉన్నది ఎవరి సొత్తని వదులుతున్నాం?" అని ఇంకో ప్రశ్న వేసింది. అది నా లైను కాదని మా మావయ్య అడ్రసు ఇచ్చాను. రెండు సాయంత్రాలు వెళ్లిందట. సముద్రుడు రాముడికి మొక్కింది భక్తితోనా, బాణానికి భయపడా అన్న దగ్గర ఇద్దరికీ తగువు పడింది, ఇంకా తేలలేదు.